సాగర్ కాలువకు ఎగువన వెల్దుర్తి

కాలువ నీరు రాకముందు పల్నాటి మెట్ట గ్రామాలకు వానాధారపు పైర్లతోపాటు అడవిలో మేసే పశువులే ఆధారం. అందుకే మేతకు ప్రభుత్వం వసూలు చేసే పుల్లరి అనే పన్ను 1921లో ఇక్కడ సత్యాగ్రహానికి దారితీసింది, దానికి నాయకుడైన మించాలపాడు రైతు కన్నెగంటి హనుమంతు 1922లో పోలీసు కాల్పుల్లో అమరుడయ్యాడు.

ఇలాంటి పల్లెలకు అర్థశాస్త్రం ఒక దారి చూపింది: వ్యవసాయంలో అవసరానికి మించి ఉన్న శ్రామికులు పరిశ్రమలకు తరలితే, అక్కడి లాభం మళ్లీ పెట్టుబడిగా మారి దేశం ఎదుగుతుందని ఆర్థికవేత్త ఆర్థర్ లూయిస్ 1954లో సిద్ధాంతీకరించాడు. మరుసటి ఏడు డిసెంబరు 10న నాగార్జునసాగర్ ఆనకట్టకు నెహ్రూ శంకుస్థాపన చేయగా, 1958లో మాచర్లలో కేసీపీ సిమెంటు కర్మాగారం మొదలైంది. సున్నపురాయిని కాల్చినప్పుడు దాని బరువులో 40 శాతం దాకా వాయువై పోతుంది కనుక రాయిని దూరం మోయడం దండగ. గని పక్కనే బట్టీ పెట్టడం లాభం. పిడుగురాళ్ల సున్నపు బట్టీలదీ ఇదే లెక్క. అయితే యంత్రాలతో నడిచే సిమెంటు పరిశ్రమ పెట్టుబడిని మింగినంతగా మనుషులను పనిలో పెట్టుకోదు. లూయిస్ ఊహించిన తరలింపు పల్నాడులో ఆ దారిన పెద్దగా సాగలేదు.

ఎక్కువ చేతులకు పని చూపింది 1967లో సాగర్ కాలువల్లో పారిన నీరే. మిరప కోతకు కూలీలు కావాలి. కల్లంలో ఆరబోసి, తాలు ఏరి, టిక్కీలకు (బస్తాలకు) ఎత్తిన కాయ గుంటూరు యార్డుకు చేరేసరికి లారీ, హమాలీ, కమీషన్ వ్యాపారి, శీతల గిడ్డంగి, బ్యాంకు అప్పు అన్నీ దాని చుట్టూ చేరతాయి. ప్రభుత్వ గణాంకాలు వీటిలో చాలావాటిని సేవారంగంలో వేస్తాయి గాని, పంట పోయిన ఏడు ఆ సేవలూ సన్నగిల్లుతాయి. రంగాలను విడదీసి, ఏది ఎంత శాతమని మాత్రమే చెప్పే లెక్కలు ఈ బంధాన్ని దాచేస్తాయి.

ఈ బంధానికి వెలుపల మిగిలింది పల్నాడులోని వెల్దుర్తి మండలం. సాగర్ కుడికాలువ నీరు వాలును బట్టి పారుతుంది, మెట్ట ఎక్కదు; మండలంలో చాలా భూమి దానికి ఎగువనే ఉండిపోయింది. సాగర్‌కు ఇంత చేరువలో ఉండి కూడా రైతులు బోర్లనూ మబ్బులనూ నమ్ముకోవలసి రావడం పల్నాటి చరిత్రలో తీరని అన్యాయం. వరికపూడిశెల వాగు నీటిని పంపులతో ఎత్తిపోసే పథకం అనేక ఏళ్లుగా కోరినదే. నీరు తీసుకోవలసిన చోటు పులుల అభయారణ్యంలో ఉండటంతో అటవీ, వన్యప్రాణి అనుమతులకు చాలా కాలం పట్టింది. తొలిదశలో 24,900 ఎకరాల లక్ష్యంతో 2023 నవంబరులో దానికి శంకుస్థాపన జరిగింది.