నల్లగొండ నుంచి వెలువడిన ‘నీలగిరి’

ఒక జిల్లాకు సొంత పత్రిక ఉంటే ఏమి మేలు? చేతిలోని ఫోనులో లోకమంతటి వార్తలూ చదివే ఈ రోజుల్లో ఇది చిన్న ప్రశ్నగా తోచవచ్చు. నూరేళ్ల కిందట నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మాత్రం ఇది ఎంతో పెద్ద ప్రశ్న.

అవి నిజాం పాలన రోజులు. కచేరీల్లో, న్యాయస్థానాల్లో ఉర్దూ నడిచేది. ఇంట్లో తెలుగు మాట్లాడే రైతు తన భూమి కాగితంలో ఏముందో తెలుసుకోవాలంటే ఉర్దూ వచ్చినవారిని బతిమాలుకోవాలి. 1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధిని ప్రాంగణంలో ఒక సంఘ సంస్కరణ సభ జరిగింది. అందులో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గేలిచేసి ఆయన్ను మాట్లాడనివ్వలేదు. ఆ రాత్రే కొద్దిమంది కూడి ఆంధ్ర జనసంఘాన్ని స్థాపించుకున్నారు.

మరుసటి ఏడు, 1922లో, తెలంగాణలో రెండు తెలుగు వారపత్రికలు పుట్టాయి. ఒకటి ఓరుగల్లు ప్రాంతంలోని ఇనుగుర్తి గ్రామం నుంచి ఒద్దిరాజు సోదరులు నడిపిన ‘తెలుగు పత్రిక’. రెండవది నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నడిపిన ‘నీలగిరి’. నల్లగొండకున్న పాత పేరునే ఆయన పత్రికకు పెట్టారు. అంతకు నాలుగేళ్ల ముందే, 1918లో, నల్లగొండలో ఆంధ్ర సరస్వతీ గ్రంథాలయం వెలిసింది. ముందు చదివే అలవాటు, ఆ తరువాత పత్రిక: ఈ వరుస గమనించదగినది.

ఆ రోజుల్లో పత్రిక నడపడం సులువు కాదు. సర్కారు అనుమతి కావాలి. సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా చేత్తో పేర్చాలి. గుణింతాలు, ఒత్తులు ఉన్న తెలుగుకు అచ్చు దిమ్మలు చాలా కావాలి. చదువు వచ్చినవారే తక్కువైన చోట చందాదారులు ఎందరుంటారు? అయినా ‘నీలగిరి’ కొన్నేళ్లపాటు నడిచింది.

పాలమూరు వైపు చూస్తే, 1913లోనే మహబూబ్‌నగర్ నుంచి శ్రీనివాసశర్మ సంపాదకత్వంలో ‘హితబోధిని’ మాసపత్రిక వచ్చింది. ఆ జిల్లావాడే అయిన సురవరం ప్రతాపరెడ్డి సంపాదకులుగా 1926లో హైదరాబాదులో ‘గోలకొండ పత్రిక’ మొదలైంది. అది వారానికి రెండుసార్లు వెలువడేది. తెలంగాణలో కవులే లేరని ఎవరో రాస్తే, సురవరం వాదులాటకు దిగలేదు. ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చువేశారు.

మాకు ఇందులో తోచేది ఒకటే. తన ప్రజల పేర్లూ మాటలూ వారి భాషలోనే అచ్చువేసిన చిన్న పత్రిక, కొద్దికాలమే బతికినా, వారు ఉన్నారనడానికి సాక్ష్యంగా నిలుస్తుంది. అయితే ఆ సాక్ష్యాన్ని కాపాడేవారు ఉండాలి. పాత కాగితానికి చెదలూ తేమా శత్రువులు.

మన సంఘాల బీరువాల్లో కూడా పాత పత్రికలు, వార్షికోత్సవ సంచికలు, బాప్తిస్మ దస్త్రాలు ఉంటాయి. వాటిలో మన తాతముత్తాతల పేర్లు ఉన్నాయి. ఈ నెలలో ఒక ఆదివారం ఆరాధన తరువాత ఆ బీరువా తెరవండి. దుమ్ము దులిపి, ఏ సంవత్సరానివో రాసి, ఒక్కొక్క పేజీకి ఫోటో తీయించండి. ఆ పని యౌవనస్థులకు అప్పగించి, పాత పేర్లు గుర్తుపట్టడానికి పెద్దలను పక్కన కూర్చోబెట్టండి.