చెరకు తోటల్లో అహింస

ఆయుధబలం కన్న ఆత్మబలం గొప్పదని గాంధీగారు 1909లో 'హింద్ స్వరాజ్'లో వ్రాశారు. ఆ మాటకు పరీక్ష నేటాలులో జరిగింది. గిరిమిటు తీరిన పిమ్మట మళ్ళీ కూలికి కుదరక, స్వదేశానికీ పోక అక్కడే నిలిచినవారిపై 1895 నాటి చట్టం ఏటా 3 పౌన్ల పన్ను మోపింది. 1913 అక్టోబరులో న్యూకాసిల్ గనుల కూలీలు, నవంబరులో చెరకు తోటలవారు పని మానేశారు. తమిళులతో పాటు మన తెలుగువారూ అందులో ఉన్నారు. తుపాకులు పేలాయి, ప్రాణాలు పోయాయి. అక్కడక్కడ కూలీల చేతుల్లో కర్రలు లేచిన మాటా నిజమే. అయినా పంతం గెలిపించింది కర్ర కాదు, కట్టుగా పని మానడమే. 1914లో పన్ను రద్దయింది.

కానింగ్ వేల్‌లోని మన పిల్లలకు గ్రంథకర్తతో పాటు ఆ కూలీలనూ పరిచయం చేద్దాం. ఒప్పందంపై వేలిముద్ర వేసిన చేతులే ఆ వ్రాతను నిజం చేశాయి.