బోనెక్కిన జానెట్ మెకెంజీ

లండన్, ఓల్డ్ బెయిలీ కోర్టు. మీరు పైన గ్యాలరీలో ఉన్నారు. కింద జడ్జి, జ్యూరీ, తెల్ల విగ్గుల లాయర్లు. ముద్దాయి లెనర్డ్ వోల్, ఆ వేషం కట్టిన టైరన్ పవర్ అందమంతా పోసుకుని నిలబడ్డాడు. ఎమిలీ ఫ్రెంచ్ అనే డబ్బున్న వితంతువును చంపాడని కేసు. ఆమె అతని పేర 80,000 పౌండ్లు రాసిపోయింది. ఈ కోర్టంతా హాలీవుడ్‌లో వేసిన సెట్టంటే నమ్మబుద్ధి కాదు. 1957లో అగాథా క్రిస్టీ నాటకాన్ని బిల్లీ వైల్డర్ 'విట్‌నెస్ ఫర్ ద ప్రాసిక్యూషన్' పేరుతో సినిమాగా తీస్తున్నాడు.

సాక్షిని పిలిచారు. జానెట్ మెకెంజీ, చనిపోయినావిడ ఇంట్లో పనిచేసిన స్కాట్లండ్ ముసలమ్మ.

బోనెక్కుతున్నది యూనా ఓకానర్. 1880లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టింది, డబ్లిన్ యాబీ థియేటర్‌లో ఆడింది. 'బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్'లో ఆవిడ పెట్టిన కేకలు విన్నవాళ్లు మరిచిపోరు. ఆ సినిమాలో బ్రైడ్ వేసిన ఎల్సా లాంచెస్టర్ ఇక్కడ నర్సు వేషంలో ఉంది. ఓకానర్‌కు ఇప్పుడు 76 ఏళ్లు. జానెట్ ఆవిడకు కొత్త కాదు. 1954 డిసెంబరులో బ్రాడ్వేలో మొదలై 645 ప్రదర్శనలు నడిచిన నాటకంలో ఈ పాత్రకు ప్రాణం పోసింది ఆవిడే.

జానెట్ చెబుతోంది. ఆ రాత్రి తనకు సెలవు. పనిబడి మధ్యలో ఇంటికొచ్చింది. టైము 9:25. గది తలుపు వేసి ఉంది. లోపల అమ్మగారూ, లెనర్డ్ వోలూ మాట్లాడుకుంటున్నారు. అతని పేరు పలికినప్పుడల్లా ఆవిడ మొహం చూడండి. ఏవగింపు దాచుకోవాలని కూడా అనుకోదు.

డిఫెన్సు లాయరు సర్ విల్‌ఫ్రిడ్ లేచాడు. ఆ వేషం చార్లెస్ లాటన్‌ది. ముందు వీలునామా బయటికి తీస్తాడు: వోల్ రాకముందు ఆస్తిలో పెద్ద వాటా జానెట్‌దే. ఆవిడ కోపానికి కారణం దొరికిందని జ్యూరీ అనుకోవడానికి ఇది చాలు. తలుపు వెనక వినబడింది టీవీ కాదు కదా అంటాడు. అది రిపేరుకు వెళ్లిందని ఠక్కున జవాబు. అప్పుడతను గొంతు తగ్గించి ఇంకో ప్రశ్న వేస్తాడు.

మీకు వినబడింది. జానెట్‌కు వినబడలేదు.

అతను అడిగింది వినికిడి మిషన్‌కు అర్జీ పెట్టుకున్నారా అని. పెట్టుకుంది, ఇంకా రాలేదు. ఎదుటి మాటే వినబడని మనిషికి మందపాటి ఓక్ తలుపు అవతలి మాట ఎలా వినబడింది? కోర్టు నవ్వింది. మీరూ నవ్వారు. నవ్వించడం ఓకానర్‌కు వెన్నతో పెట్టిన విద్య. కానీ ఆవిడ కళ్లల్లో నవ్వు లేదు, అవమానం ఉంది. అంత కొద్దిసేపట్లో రెండూ పలికించడం చూస్తే నాకు ఇప్పటికీ గుండె పట్టేసినట్టవుతుంది.

సినిమాకు ఆరు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. లాటన్, లాంచెస్టర్ పేర్లున్నాయి, ఓకానర్ పేరు లేదు. ఆవిడ మళ్లీ సినిమా చెయ్యలేదు. 1959 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో కన్నుమూసింది.

ముగింపు ఎవరికీ చెప్పొద్దని సినిమా చివర ఒక గొంతు వేడుకుంటుంది. నేనూ చెప్పను. అది తెలిశాక మాత్రం ఈ సాక్ష్యం మళ్లీ వినండి. తలుపు దగ్గర తను విన్న గొంతు ఎవరిదో చెప్పేటప్పుడు జానెట్ ఒక్కసారి కూడా తడబడదు.