తుపాకి దూరము

జంగములు తంబురా మీటి పాడగా బొబ్బిలి కథ విన్నవారికి బొబ్బిలి ప్రభువు రంగారావు అభిమానమును, తాండ్ర పాపారాయుని ప్రతిజ్ఞయు కన్నులకు గట్టును. 1757 జనవరి 24వ తేదీ వేకువను ఫ్రెంచి సేనాని బుస్సీ దొర ఫిరంగులు కోట నాలుగు బురుజులకును గురిపెట్టి నిలిచిన సంగతి మాత్రము కథాప్రవాహములో ఒక్క మాటగా దాటిపోవును. ఆ యుద్ధమును తుపాకి గొట్టము వైపునుండి చూడదలచినవారికి ఆ ఒక్క మాటయందే ఫలిత మంతయు నిమిడి యున్నది. కోటలోనివారి తుపాకి గుండు చేరలేని దూరమున ఫిరంగి నిలువగలిగెను; గోడ కూలిన పిదప చేతికి చేయి కలిసిన పోరులో వెలమవీరులు చూపిన శౌర్య మెంతటిదైనను, కూలిన గోడను మరల నిలుపజాలక పోయెను.

ఆ కాలపు తుపాకి గొట్టము లోపల నునుపైనది. మందు దట్టించి, సీసపు గుండును పైనుండి జారవిడిచి, వెలుగుచున్న వత్తితోనో చెకుముకి నిప్పుతోనో పేల్చినప్పుడు, వదులుగా కూర్చున్న ఆ గుండు గొట్టపు గోడలకు తాకుచు వెడలి, చివరి తాకుడు ఏ వైపున తగిలిన దాని కెదురు వైపునకు వంగిపోవును. నూరు గజములు దాటిన తరువాత ఒక మనుష్యుని గురిచూచి కొట్టుట అదృష్టమే గాని నేర్పు కాదు. అట్టి తుపాకులైనను మన సంస్థానములలో అందరికిని లేవు. 1758లో ఫ్రెంచివారిపై చందుర్తి యుద్ధమునకు ఇంగ్లీషు కర్నల్ ఫోర్డుతో కూడి వెడలిన విజయనగర ప్రభువు ఆనందరాజు సేనను వర్ణించుచు, ఆనాటి చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్, అయిదువేల కాల్బలములో కొందరికి మాత్రమే మొరటు తుపాకు లుండెననియు, తక్కినవారు ఈటెలును విండ్లును పట్టిరనియు వ్రాసెను. పరదేశీయుడు చిన్నచూపుతో వ్రాసిన వ్రాత యని దానిని త్రోసివేయ నక్కరలేదు. మన సైనికులు ఎట్టి లోటుతో యుద్ధభూమికి నడచిరో తెలుపు సాక్ష్య మది.

పద్మనాభ యుద్ధము నాటికి పరిస్థితి మారినది గాని తుపాకి మారలేదు. పేష్కసు (కప్పము) బకాయిలకై కుంపిణీ వత్తిడి చేయగా, 1794 జులై 10న విజయనగర ప్రభువు చిన విజయరామరాజు తన రాచవారితో కర్నల్ ప్రెండర్‌గాస్టు సేన నెదిరించి, ముప్పావు గంటలో ముగిసిన పోరులో ప్రాణములర్పించెను. కుంపిణీ సిపాయి చేతిలోనిది కూడ నునుపు గొట్టమే, దాని గుండు కూడ వంకరగా పోవునదే. కాని వందలాది సిపాయీలు ఒక్క వరుసగా నిలిచి, ఆజ్ఞ ననుసరించి నిమిషమునకు రెండు మూడు మార్లు ఒక్కుమ్మడిగా కాల్చినప్పుడు, ఒక్కొక్క గుండునకు లేని గురి ఆ గుండ్ల వానకు వచ్చును. పద్మనాభము కొండక్రింద గెలిచినది తుపాకి కాదు, కవాతు. మనవారి ధైర్యమునకు లోటు రాలేదని చెప్పి ఊరకుండుట నా కెన్నడును తృప్తి నీయలేదు. అంత ధైర్యము ఏ కొలత ముందు వ్యర్థమైనదో తెలిసికొననిచో ఆ మృతులకు మనము చేసిన న్యాయ మేమున్నది?

గొట్టము లోపలి గోడకు మరవలె తిరిగిన గాడులు చెక్కినచో, గుండు బొంగరమువలె తనచుట్టు తాను తిరుగుచు తిన్నగా పోవును. ఈ రహస్యము ఐరోపా వేటకాండ్రకు చిరకాలముగా తెలిసినదే యైనను, 1853 నాటి ఎన్‌ఫీల్డు రైఫిలుతో అది సామాన్య సైనికుని చేతికి వచ్చెను. 1857లో ఇంగ్లండున దానిని విట్‌వర్త్ రైఫిలుతో పోల్చి పరీక్షింపగా, 500 గజముల వద్ద ఎన్‌ఫీల్డు గుండ్లు సగటున రెండడుగులకు పైగా చెదరెను. విట్‌వర్త్ గుండ్లు అరయడుగు లోపలనే పడెను. అదే సంవత్సరమున మన దేశములో ఎన్‌ఫీల్డు తూటాకు పూసిన కొవ్వు సిపాయీల తిరుగుబాటునకు నిప్పురవ్వ యయ్యెను. ఆ తిరుగుబాటు నణచిన పిదప ప్రభుత్వము చేసిన పని తుపాకి చరిత్రలో మరువరానిది: దేశీయ సిపాయికి బయటినుండి ఎన్‌ఫీల్డు వలెనే కనబడుచు లోపల గాడులు లేని నునుపు గొట్టపు తుపాకి నిచ్చెను. తెల్ల సైనికునికి వెనుకనుండి తూటా పెట్టెడు స్నైడరు వచ్చినప్పుడు మనవాడు ముందునుండి దట్టించుచునే యుండెను. ఇతనికి స్నైడరు దక్కునప్పటికి అతనికి మార్టినీ హెన్రీ వచ్చెను. గుండు ఎంత దూరము పోవలెనో చేతిరంగును బట్టి నిర్ణయింపబడినది. 1878 ఆయుధముల చట్టముతో పల్లెవాని నాటు తుపాకికి సైతము లైసెన్సు కావలసి వచ్చెను.

ఈ కట్టడిని మన్యములో అల్లూరి సీతారామరాజు బాగుగ గ్రహించెను. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై బడి ఆయన కొనిపోయినవి 26 తుపాకులును 2,500 పైచిలుకు తూటాలును. నెల తిరిగిన పిదప దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డు, హైటరు అను ఇరువురు దొరలు కూలిరి. కనుమలో దారి యిరుకు, దూరము తక్కువ. అచ్చట దూరపు గురిగల రైఫిలున కున్న ఆధిక్యము చాలవరకు అడుగంటును. రాజు పోరాడుచోటును ఎన్నుకొనుటలోనే అతని యుద్ధవిద్య కనబడుచున్నది.

మన ప్రజలు త్రీనాట్‌త్రీ అని పిలుచు లీ ఎన్‌ఫీల్డు ఈ కథలో చివరిది. 1907లో రూపు కట్టిన దాని మూడవ మార్కు బంగాళములోని ఇషాపూరు కర్మాగారమున లక్షలుగా తయారై, స్వాతంత్ర్యానంతరము కూడ దశాబ్దముల కొలది కానిస్టేబులు భుజమున వ్రేలాడెను. పది తూటాల పెట్టె, ఎడమకు తిరిగిన అయిదు గాడులు, సెకనుకు 2,440 అడుగుల వేగముతో వెడలు 174 గ్రెయినుల గుండు, 2,000 గజముల వరకు గీతలు గల గురిపట్టీ, ఇవి దాని లక్షణములు. ఇదే రైఫిలు గొట్టమును నునుపుచేసి, ఒక్కొక్క తూటాయే పట్టునట్లు మార్చి, .410 మస్కట్టను పేర పోలీసులకును కావలివారికిని ఇషాపూరువారు అందించిరి. దేశీయ సిపాయిపై 1858 నాటి అనుమానము ఎంతకాలము బ్రతికినదో చూడుడు.

ఇట్టి పాత రైఫిలును బాగుచేసి పరీక్షించుట ఓర్పుతో గూడిన విద్య. మొదట గొట్టమును వెలుతురున కెత్తి గాడుల అంచులు అరిగెనా, తుప్పు తినెనా చూతురు. బోల్టునకును తూటా మడమకును నడుమ సందును కొలతురు. తొలి తూటాను భుజమున నాని కాల్చరు; రైఫిలును దిమ్మకు బంధించి దూరమునుండి త్రాటితో ట్రిగ్గరు లాగుదురు. పేలిన తొడుగుపై పగులు లేనప్పుడే మనిషి దాని వెనుక పరుండును. దగ్గరి లక్ష్యముపై గురి సరిచేసిన పిదపనే నూరు గజములకు, తరువాత మూడువందలకు, ఆరువందలకు పోవలెను.

అసలు చిక్కు కొయ్యతో వచ్చును. ముందరి కొయ్య గొట్టమును ఎచ్చట ఎంత నొక్కవలెనో అంతయే నొక్కవలెను. కళింగపట్నము గాలివంటి ఉప్పుతేమకు అది ఉబ్బినచో నిన్న నడుమ తగిలిన గుండు నేడు ప్రక్కకు పోవును. కొయ్య చీలకుండ ఇషాపూరువారు అడ్డముగా బిగించిన మరమేకు వారి రైఫిళ్ళ కొక గుర్తు. పాత తూటాల మందుపట్టు విడిచిన లవణములు నూనెకు కరగవు గనుక, కాల్పు ముగియగానే మరగిన నీరు గొట్టములో పోసి, పుల్‌త్రూతో తుడిచి, పిదపనే నూనె పూయుదురు.

స్వతంత్ర భారత చట్టము ఈ సైనికపు తూటాను సామాన్యునికి నిషేధించినది గనుక, ఆ పరీక్ష పోలీసు, సైనిక దళముల చేతులలోనే జరుగవలెను. చింతలవలస పటాలమును, విజయనగరము పోలీసు శిక్షణ కళాశాలయు, కోరుకొండ సైనిక పాఠశాలయు గల ఈ విజయనగరము జిల్లాలో ఆ పనికి తగినవారు లేకపోరు. ఒక ఎన్‌ఫీల్డును, ఒక .410 మస్కట్టును ప్రక్కప్రక్కన పరుండబెట్టి, నూరు, మూడువందల గజములలో కాల్చి, గాలి యెటు వీచెనో, తూటా ఏ సంవత్సరపుదో వ్రాసి, చిల్లులు పడిన ఆ రెండు గురికాగితములను బొబ్బిలి యుద్ధ స్మారక స్తంభము చూడవచ్చు పిల్లలకు చూపవలెనని నా కోరిక.