తుఫాను నాడు తుపాకీ ఎవరి మీద పేలింది?

విపత్తు వస్తే చట్టం సెలవు తీసుకుంటుందా? 2005లో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో తుపాకులున్న కొందరు తీసుకుంటుందనే అనుకున్నారు.

ఆగస్టు 29న కత్రినా తుఫాను వచ్చింది. కరకట్టలు తెగి నగరంలో దాదాపు 80 శాతం మునిగింది. కార్లున్నవాళ్లు ముందే వెళ్లిపోయారు. మిగిలినవాళ్లలో ఎక్కువమంది పేద నల్లజాతి ప్రజలు. తిండీ నీళ్లూ వెతుక్కుంటూ బయటికొస్తే వాళ్లకు పడిన పేరు ‘లూటీదారులు’. హత్యలు, అత్యాచారాలంటూ పుకార్లు పుట్టాయి. చాలావరకు అబద్ధాలని తర్వాత తేలింది.

అల్జీర్స్ పాయింట్ మునగని పేట. అక్కడి తెల్లవాళ్లు కొందరు కూలిన చెట్లు రోడ్డుకడ్డంగా వేసి తుపాకులతో కాపలా కాశారు. సెప్టెంబరు 1న, నగరం విడిచి వెళ్లడానికి ఫెర్రీ వైపు నడుస్తున్న ముగ్గురు నల్లజాతి మనుషులను కాల్చారు. 2008లో జర్నలిస్టు ఏ.సి. థాంప్సన్ ‘ది నేషన్’ పత్రికలో ఈ పేట కాల్పుల సంగతి బయటపెట్టాడు. ఆ ముగ్గురినీ కాల్చినవాడు నేరం ఒప్పుకున్నది 2018లో. పదేళ్ల శిక్ష పడింది.

సెప్టెంబరు 4న డాంజిగర్ వంతెన మీద కాల్చింది పోలీసులే. ఇద్దరు చనిపోయారు, నలుగురు గాయపడ్డారు. చనిపోయినవాళ్లలో ఒకడు పదిహేడేళ్ల కుర్రాడు. రెండోవాడు నలభై ఏళ్ల మానసిక వికలాంగుడు, తూటా వీపులో దిగింది. ఎవరి చేతిలోనూ ఆయుధం లేదు. “మా మీద కాల్పులు జరిగాయి, ఆత్మరక్షణకు కాల్చాం” అన్నారు పోలీసులు. ఆ మాట నిలబెట్టడానికి ఇంటి నుంచి ఒక తుపాకీ తెచ్చి సాక్ష్యంగా చూపారు. లేని సాక్షులను పుట్టించారు. చనిపోయినవాడి అన్న మీదే హత్యాయత్నం కేసు పెట్టారు!

2011లో ఐదుగురు దోషులని జ్యూరీ తేల్చింది. ప్రాసిక్యూటర్లు మారుపేర్లతో ఇంటర్నెట్‌లో కామెంట్లు రాశారని 2013లో ఆ తీర్పు కొట్టేశారు. 2016లో నేరం ఒప్పుకున్నాక పడిన శిక్షలు 3 నుంచి 12 ఏళ్లు. మొదట పడినవి 6 నుంచి 65 ఏళ్లు.

మన భారతీయ న్యాయ సంహితలోనూ 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. రక్షణకు అవసరమైనంత బలమే వాడాలి, అంతకు మించితే నేరం. వరదొచ్చినా భూకంపమొచ్చినా ఈ కొలత మారదు. భయపడ్డానంటే సరిపోదు, ఆ భయానికి సహేతుకమైన కారణం ఉండాలి.

అసలు చిక్కు అక్కడే. నల్ల చర్మాన్ని చూసి పుట్టిన భయం సహేతుకమా? వాడ మనిషిని ఊళ్లో చూసి పుట్టిన భయం సహేతుకమా? మనం దెబ్బ కాచుకుంటే కౌంటర్ కేసు, వాళ్లు కొడితే ఆత్మరక్షణ. ఎవరి భయాన్ని చట్టం నమ్ముతోందో ప్రతి కేసులోనూ అడగండి. పదేళ్లు పట్టినా అడుగుతూనే ఉండండి. న్యూ ఆర్లీన్స్ కుటుంబాలు చేసింది అదే.

జై భీమ్.