‘టు-డే’లోని చిన్న గీత

పాత ఆంగ్ల గ్రంథాలు తిరగవేసే విద్యార్థికి ‘టుడే’ అనే మాట నడుమ ఒక చిన్న గీత కానవస్తుంది. దానిని హైఫన్ అంటారు. అది అచ్చుతప్పు కాదు. ఆ మాట చరిత్రకు గుర్తు.

నేటి ఆంగ్లంలో ‘టు’ అనగా సాధారణంగా ‘కు’ లేక ‘వైపు’ అని అర్థం. ఆ లెక్కన ‘టుడే’ అంటే ‘దినమునకు’ కావలెను. మరి ‘ఈ దినమున’ అనే అర్థం ఎట్లు వచ్చింది? ప్రాచీనాంగ్లంలో ‘టు’కు ‘నందు’ అనే అర్థం కూడ ఉండేది. తరువాతి కాలంలో మరుగుపడిన ఆ అర్థం ‘టుడే’, ‘టునైట్’, ‘టుమారో’లలో నిలిచిపోయింది.

16వ శతాబ్దం వరకు ఈ రెండు ముక్కలను విడివిడిగా వ్రాయడమే పరిపాటి. తరువాత నడుమ హైఫన్ చేరింది. అది ఇంకా నిలిచి ఉండడం వింతగా ఉన్నదని 1926లో ఆంగ్ల భాషావేత్త ఫౌలర్ తన వాడుక నిఘంటువులో వ్రాశాడు. క్రమంగా అదీ పోయి, రెండు ముక్కలు ఒకే మాట అయినవి.

ఈ మార్పు ఒక్క మాటతో ఆగలేదు. 2007లో షార్టర్ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఆరవ కూర్పు సుమారు 16,000 మాటలలో హైఫన్లను తీసివేసింది.

పాత పుస్తకం చూచి ‘టు-డే’ అని వ్రాసిన విద్యార్థికి ఉపాధ్యాయుడు నేటి వాడుక చెప్పవలసిందే. కాని అది ఒకప్పుడు ఒప్పేనని కూడ చెప్పాలి. వర్ణక్రమానికీ కాలం ఉన్నది.