వేసవి క్యాంపు: చలువ ఎవరికి, నేల ఎవరిది?

తూర్పు కనుమలు అనగానే మైదానం వాళ్ళకు అరకు చలి గుర్తొస్తుంది. చింతూరు అలాంటి ఊరు కాదు. శబరి ఒడ్డున పల్లంలో ఉంటుంది, ఎండాకాలం మాడిపోతుంది. బళ్ళు మూసేసిన ఆ రోజుల్లోనే ఇక్కడి క్రైస్తవ సంఘాలు పిల్లలకు, యువకులకు క్యాంపులు పెడుతుంటాయి. క్యాంపు అంటే పెద్ద భవనాలేమీ ఉండవు. రేకుల షెడ్డో, ఆకుల పందిరో, చింతచెట్టు నీడో. పొద్దున పాటలు, మధ్యాహ్నం అన్నం పప్పు, సాయంత్రం ఆటలు. అన్నం దగ్గర కోయ పిల్లలూ మాల మాదిగ పిల్లలూ ఒకే బంతిలో కూచుంటారు.

చర్చిల చరిత్ర రాసినవాళ్ళు గోపురాలూ గంటలూ లెక్కపెట్టారు. క్రైస్తవాన్ని తప్పుపట్టేవాళ్ళు విదేశీ డబ్బు లెక్కపెట్టారు. ఈ షెడ్డు సంగతి ఇద్దరికీ పట్టలేదు. అందుకని మేం షెడ్డు దగ్గర్నుంచే మొదలుపెడుతున్నాం. ఏ కట్టడాన్నయినా మూడు ప్రశ్నలు అడగాలి. ఎవరి కోసం కట్టారు? ఎవరి రెక్కలతో కట్టారు? కింద ఉన్న నేల ఎవరిది? చింతూరులో ఈ మూడో ప్రశ్న దళితులనూ ఆదివాసులనూ ఎదురెదురుగా నిలబెట్టే ప్రమాదం ఉంది. ఆ ప్రమాదం గురించే ఈ వ్యాసం.

కొండమీది బంగళా

దక్షిణ భారతంలో క్రైస్తవుల వేసవి విడిది అంటే ముందు చెప్పుకోవాల్సింది కొడైకనాల్. మైదానంలో జ్వరాలకూ కలరాకూ మిషనరీలు, వాళ్ళ పసిబిడ్డలు చనిపోతుంటే మదురై అమెరికన్ మిషను వాళ్ళు 1845లో అక్కడ మొదటి రెండిళ్ళు కట్టుకున్నారు. అది సుమారు 7 వేల అడుగుల ఎత్తు. తర్వాత వేర్వేరు మిషన్ల బంగళాలు వచ్చాయి. 1901లో మిషనరీ పిల్లల కోసం బడి వచ్చింది. మన గుంటూరు, రాజమండ్రి లూథరన్ మిషనరీలు కూడా వేసవికి ఆ కొండే ఎక్కేవాళ్ళు.

వాళ్ళ చావులు అబద్ధం కాదు, వాళ్ళ భయమూ అబద్ధం కాదు. కాని మోటారు రోడ్డు పడేదాకా ఆ కొండకు మనుషుల్ని, పెట్టెల్ని, మంచాల్ని చేర్చింది కూలీల భుజాలు. ఎవరెవరి ఇళ్ళు ఎప్పుడు కట్టారో చరిత్రలో ఉంది. మోసినవాళ్ళ పేర్లు లేవు. చలువ కొండమీదికి పోయింది, సంఘం మాత్రం మాలపల్లెలో, మాదిగపల్లెలో ఎండలోనే ఉండిపోయింది. దేవుని ముందు అందరూ సమానమన్న మాట ఏప్రిల్, మే నెలల్లో రెండు ఎత్తుల్లో వినపడింది.

కాలువ గట్టు మీది గుడిసెలు

మనవాళ్ళ మొదటి క్యాంపు కొండమీద పడలేదు, కాలువ గట్టు మీద పడింది. 1876-78 కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. మిగతా కరువు పనుల దగ్గర మేస్త్రీలు మాదిగలను తిట్టి, తరిమి నానా బాధలు పెడుతుంటే, ఇక్కడ మాదిగ బోధకులే మేస్త్రీలయ్యారు. వేలమంది గుడిసెలు వేసుకుని పగలు మట్టి తవ్వారు. పని ఆగినప్పుడు అదే గట్టు మీద బోధ విన్నారు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. గంజి కోసం మతం మారారని మనల్ని ఇప్పటికీ ఎత్తిపొడుస్తారు. ఆ కరువు పనులు నడిచినన్నాళ్ళూ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. పనులు అయిపోయాక, కూలీ ఇచ్చే చెయ్యి లేనప్పుడు, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎత్తిపొడుపుకు జవాబు ఆ తేదీలోనే ఉంది. మాదిగలకు కావలసింది గంజి ఒక్కటే అయితే వాళ్ళు గంజి ఉన్నప్పుడే మునిగేవాళ్ళు. తిట్టు లేకుండా పని, తమవాడి మేస్త్రీతనం, రాత్రి కూచుని వినే హక్కు వాళ్ళను అక్కడికి తెచ్చాయని మేం అనుకుంటున్నాం. ఆ గుడిసెలు నిలవలేదు. కాని క్యాంపు అంటే మనకు ఏమిటో అక్కడే తేలిపోయింది.

జాతర అనే పేరు

ఇంకో మెట్టు ధారూరు. ఇప్పటి వికారాబాదు జిల్లాలో మెథడిస్టు సంఘం 1923లో మొదలుపెట్టిన ఈ కూడిక వేసవిలో కాదు, నవంబరులో జరుగుతుంది. అమెరికాలో 19వ శతాబ్దం మొదట్లో మెథడిస్టులు, ఇతరులు అడవి అంచుల్లో గుడారాలు వేసుకుని రోజుల తరబడి ప్రార్థన కూటాలు పెట్టేవాళ్ళు. ఆ పద్ధతి ఇక్కడికొచ్చి మన పల్లె జాతరలో కలిసిపోయింది. జనం దాన్ని జాతర అనే పిలిచారు, సంఘమూ ఒప్పుకుంది. చెట్ల కింద వంటలు, గుడారాలు, చుట్టాలు కలుసుకోవడాలు. ఊరి జాతరలో డప్పు కొట్టడానికీ దున్నను నరకడానికీ తప్ప ముందుకు రానివ్వని మనుషులకు ఒక మైదానం దొరికింది. అక్కడ వాళ్ళను వెనక్కి పొమ్మనేవాడు లేడు. గోడలకన్నా మైదానమే ముఖ్యమని ధారూరు చెబుతోంది.

దుమ్ముగూడెం నుంచి శబరి దాకా

ఇక చింతూరు వైపుకు వద్దాం. భద్రాచలం ఎగువన దుమ్ముగూడెంలో 1860ల్లో గోదావరి మీద పడవలు నడపడానికి ఆనకట్ట పనులు జరిగాయి. పత్తి రవాణా దాని లక్ష్యం. ఆ పనులు చూసిన సైనిక ఇంజనీరు ఎఫ్.టి. హెయిగ్ పూనుకుని కోయల మధ్య చర్చి మిషనరీ సొసైటీ మిషను పెట్టించాడు. 1871లో ప్రభుత్వం పడవల పథకాన్ని వదిలేసింది, మిషను మాత్రం నిలిచింది. అక్కడ పనిచేసిన జాన్ కేన్ 1870ల్లో భద్రాచలం, రేకపల్లి తాలూకాల కోయల గురించి పత్రికలో రాశాడు. ఈ ప్రాంతం 1874లో మధ్యపరగణాల నుంచి మద్రాసుకు మారింది. 1959లో తూర్పుగోదావరి నుంచి ఖమ్మంలో కలిసింది. 2014లో పోలవరం ముంపు పేరుతో చింతూరు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. ఇన్నిసార్లు గీతలు గీసినవాళ్ళు కోయవాళ్ళను అడిగి గీయలేదు.

క్రైస్తవం ఇక్కడికి ఆనకట్ట వెంట, అంటే ప్రభుత్వం వెంట వచ్చింది. అది మనం ఒప్పుకోవాలి. ఒప్పుకుంటేనే నేల ప్రశ్నను నిజాయితీగా అడగగలం.

దానం కూడా చెల్లదు

ఏజెన్సీ భూమి మీద మద్రాసు ప్రభుత్వం 1917లోనే చట్టం చేసింది. 1959లో ఒకటో నంబరు రెగ్యులేషన్, దాన్ని సవరిస్తూ 1970లో ఇంకోటి వచ్చాయి. జనం నోట అదే 1/70. దాని ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో భూమి షెడ్యూల్డు తెగలవాళ్ళకు, లేదా పూర్తిగా వాళ్ళే సభ్యులైన సహకార సంఘానికి తప్ప ఎవరికీ బదిలీ కాకూడదు. అమ్మకమే కాదు, కౌలు, తాకట్టు, దానం కూడా బదిలీయే. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని, కాదని రుజువయ్యేదాకా, చట్టం అనుకుంటుంది. సుప్రీంకోర్టు 1988లో ఈ చట్టాన్ని నిలబెట్టింది. 1997 సమతా తీర్పులో ప్రభుత్వం కూడా గిరిజనేతర వ్యక్తి కిందికే వస్తుందని చెప్పింది.

అంటే ఒక కోయ విశ్వాసి భక్తితో పది సెంట్లు సంఘానికి రాసిచ్చినా, మైదానం నుంచి నడిచే చర్చి ట్రస్టు పేర అది చెల్లదు. దళిత పాస్టరు తన పేర రాయించుకున్నా చెల్లదు. క్యాంపులో ఒకే బంతిలో కూచున్న పిల్లల్ని చట్టం ఇక్కడ విడదీస్తుంది. షెడ్యూల్డు తెగల జాబితాకు మతం షరతు లేదు గనక కోయ పిల్లవాడు క్రైస్తవుడైనా ఎస్టీయే. పక్కనున్న మాల పిల్లవాడు క్రైస్తవుడని నమోదైతే 1950 ఉత్తర్వు మూడో పేరా ప్రకారం ఎస్సీ కాడు, మన రాష్ట్రంలో బీసీ-సీ అవుతాడు. ఆ పేరాలో 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు చోటిచ్చారు, క్రైస్తవులకు ఇవ్వలేదు. అతను ఎస్సీగానే మిగిలినా 1/70 ముందు గిరిజనేతరుడే.

ఇక్కడే కొందరు మనవాళ్ళు తొందరపడతారు. మనకూ భూమి లేదు కదా, ఈ చట్టం మనల్ని కూడా అడ్డుకుంటోంది కదా అంటారు. కడుపుమంట నిజమే. కాని 1/70 సడలితే ఆ సందులోంచి ముందు దూరేది దళితుడు కాదు. డబ్బున్న భూస్వామి, వ్యాపారి, రిసార్టు యజమాని దూరతారు. దళితుడి పేరు వాళ్ళకు అడ్డుగోడగా పనికొస్తుంది, అంతే. భూమిలేని దళితుడి బాకీ మైదానంలో సీలింగు ఎగ్గొట్టినవాడి దగ్గర ఉంది. దాన్ని కోయవాడి దగ్గర వసూలు చెయ్యకూడదు.

మరి క్యాంపు ఎక్కడ?

నేల కోయవాళ్ళదిగానే ఉండాలి. బినామీ కాగితం మీద షెడ్డు వెయ్యడం ప్రార్థన పేరుతో చేసినా అన్యాయమే. చర్చికీ గుడికీ రిసార్టుకూ ఒకే న్యాయం ఉండాలి. 2006 అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ సిఫారసు చేస్తే బడికీ కమ్యూనిటీ హాలుకూ హెక్టారుకు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు. అలాంటి హాలు ఏ సంఘానికీ సొంతం కాదు. వేసవిలో అందులో క్రైస్తవ పిల్లల పాటలు వినపడొచ్చు, పండగకు కోయల రేల పాటలు వినపడొచ్చు. ఆ హాలు కోసం కోయ, మాల, మాదిగ తల్లిదండ్రులు కలిసి అర్జీ పెట్టడమే అసలైన క్యాంపు పని.

ఇది ఆలస్యం చేసే పని కాదు. చింతూరు మండలంలో ఊళ్ళు పోలవరం ముంపు జాబితాలో ఉన్నాయి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు శబరి వెనక్కి తన్ని చింతూరును ముంచింది. కొలతలు తీసేవాళ్ళు పట్టా అడుగుతారు. పందిరికి పట్టా ఉండదు, చింతచెట్టు నీడకు పరిహారం రాయరు. కాని 2013 భూసేకరణ చట్టం మూడో షెడ్యూలులో, పునరావాస గ్రామంలో ప్రార్థనా స్థలమూ, జనం కూచోవడానికి చెట్టు చుట్టూ అరుగూ ఉండాలని రాసి ఉంది. ఆ ఒక్క వాక్యం పట్టుకుని అడగాలి. ఏ ఊరివాళ్ళు వేసవిలో ఏ చెట్టు కింద కూడుతున్నారో, ఏ షెడ్డు ఎవరి చేతులతో వేశారో, నేల ఎవరిదో పిల్లల చేతే రాయించి, గ్రామసభలో చదివించి, తీర్మానంలో ఎక్కించాలి. కొండమీది బంగళాల వివరాలు రాసుకున్నవాళ్ళున్నారు. మన నీడ లెక్క మనమే రాసుకోవాలి, అది మునిగిపోక ముందే.